బురుజెక్కిన అంగీ

పదో నెల, మూడో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

పై రెండు ముక్కలూ సర్కారువి. ముప్ఫై నాలుగేళ్ళుగా రోజూ పొద్దున అవే రాస్తున్నాను. చెక్క మారుతుంది గాని మాట మారదు. ఇక్కణ్ణుంచి కిందవి నావి. కాలం చెల్లిన చెక్కల్ని కత్తితో గీకితే మళ్ళీ రాసుకోవచ్చు. గీకిన పొట్టు పొయ్యిలోకి, చెక్క నాకు. దాచాల్సిన పని కూడా లేదు. ఈ బురుజులో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ ఎవరూ నేర్పలేదు, పారేసిన చెక్కలు చూసి చూసి వచ్చింది. పాంగ్‌కి తన పేరు, ‘ఉప్పు’, ‘బావ’ అన్న మాటలు రాయడం వచ్చు. మా బురుజు పెద్ద తావ్‌కి అవీ రావు.

ఇవాళ రాయాల్సింది వేరే ఉంది. సైగ గుడ్డ కాలింది.

ఎలా కాలిందో రాయకపోయినా నాకు తెలుసు. అయినా రాస్తాను. రాయకపోతే రేపటికి నాకు నేనే వేరేలా చెప్పుకుంటాను.

అరవై ఒక్కేళ్ళ మోకాళ్ళు నావి. పొద్దున్నే మెట్లెక్కేసరికి లోపల ఇసుక నూరినట్టుంటుంది. సైగ గుడ్డేమో పట్టుది. ఎరుపూ తెలుపూ పట్టీలు కలిపి కుట్టింది, మనిషి నిలువంత. ఉత్తరపు గుర్రపువాళ్ళు కనిపిస్తే దాన్ని బురుజు మీద గడకి ఎత్తాలి. పదిమంది లోపైతే ఒక గుడ్డ, పది దాటితే రెండు. మాది చూసి తూర్పు బురుజువాళ్ళు ఎత్తుతారు, వాళ్ళది చూసి ఆ పైవాళ్ళు. అలా కోట దాకా. ఎవరూ కనిపించనప్పుడు మడిచి పెట్టెలో ఉంచాలి. పదకొండేళ్ళుగా మాకెవరూ కనిపించలేదు. పెట్టెలో నిద్రపోయే పట్టు కన్నా మెలకువగా ఉన్న మోకాళ్ళకే దాని అవసరం ఎక్కువ కదా అనుకున్నాను. చుట్టుకున్నాను. కుంపటి పక్కన కూర్చున్నాను. కునుకు పట్టింది.

తెల్ల పట్టీలో మూరెడు మేర నిలువునా కాలింది. కాలిన వైపు లోపలికి మడిచి పెట్టెలో పెట్టేశాను.

ఐదో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

తావ్‌కి చెప్పలేదు. ఆయన ఇసుక చాలు చూడ్డానికి వెళ్ళాడు. బురుజు ముందు ఇసుకని రోజూ దువ్వి నునుపు చేస్తాం, ఎవరైనా దాటితే అడుగు పడుతుందని. నక్క తప్ప దాటినవాడు లేడు. అయినా ఆయనకి ఆ నక్క అడుగులంటే చాలా శ్రద్ధ. అలాంటప్పుడు మధ్యలో గుడ్డ సంగతి ఎత్తడం బాగుండదు.

ఏడో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

పదిహేనో రోజుకి తనిఖీదారు వస్తున్నాడట. వచ్చాడంటే గుడ్డలు విప్పి చూస్తాడు, తాళ్ళు లాగి చూస్తాడు, విళ్ళు వంచి చూస్తాడు, కుక్క మొరుగుతుందో లేదో కూడా చూస్తాడు. పోయినేడు రెల్లువాగు బురుజులో సైగ గుడ్డ చిరిగి ఉందని అక్కడి రాతగాడికి యాభై దెబ్బలు వేశారు. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు. ఆ వసంతం చూడలేదు.

ఈ కబురు విన్నాక పాంగ్ గుడ్డలు ఎండలో వేద్దామని పైకి వెళ్ళాడు. గడ, తాళ్ళు, గుడ్డలు వాడి పని. రాతకోతలు నా పని. వంట నియెది. మమ్మల్ని ముగ్గుర్నీ తిట్టడం తావ్ పని. కాసేపటికి పాంగ్ కిందికి దిగి నా పక్కన కూర్చుని, పాచికల పలక పరిచాడు. రెండాటలు ఆడాడు. రెండూ తొండి చేసి గెలిచాడు. అప్పుడడిగాడు.

“మోకాలు కాలిందా బావా?”

“లేదు.”

“గుడ్డ కాలింది.”

“కాలింది.”

“మోకాలే కాలాల్సింది. దానికైతే అతుకు వెయ్యక్కర్లేదు.”

మా ఇద్దరికీ అక్కచెల్లెళ్ళు లేరు. బావలం ఎలా అయ్యామంటే, ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం ఇద్దరికీ ఒకటే దుప్పటి ఇచ్చారు. ఒక దుప్పట్లో పడుకుంటూ చుట్టరికం లేకపోతే బాగుండదని వాడే కలిపాడు. ఏడాది కాపలాకని వచ్చినవాళ్ళం. ఏడాది అయ్యాక ఎందుకు వెళ్ళలేదో నా సంగతి నాకు తెలుసు, వెళ్ళడానికి ఎవరూ లేరు. వాడికి తూర్పున రెన్‌చెంగ్‌లో పెళ్ళాం ఉంది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే ఉండిపోయాడు. తొమ్మిదేళ్ళుగా ఆమె దగ్గర్నుంచి కబురు లేదు. ఆ మాట మేం ఎత్తం.

తెల్ల గుడ్డ కావాలి. వెతికాం. సర్కారిచ్చిన అంగీలన్నీ మట్టిరంగువి. నియె దగ్గర కల్లు వడగట్టే గుడ్డ ఉంది, అది ఒకప్పుడు తెల్లగా ఉండేదని వాడే చెప్పాలి. నా సంచిలో పనికొచ్చేదేమీ లేదని చెప్పాను.

పాంగ్ లేచి వెళ్ళి తన సంచి తెచ్చాడు. కాపలాకి వచ్చే ప్రతివాడికీ ఇంటి దగ్గర ఒక గుడ్డసంచి కట్టి, మూతికి మట్టిముద్ర వేసి, లోపలున్నవాటి జాబితా చెక్క వేలాడదీసి పంపిస్తారు. వాడి సంచికి మట్టిముద్ర ఏనాడో రాలిపోయింది. లోపల తెల్ల పట్టు అంగీ ఒక్కటే ఉంది. వాళ్ళావిడ నేసింది. ఎడమ అంచులో ఒకే ఒక్క నీలి పోగు. పడుగంతా తెల్లగా తోడి, ఆ ఒక్కటీ కావాలని తోడిందట. నువ్వు దీన్ని ఏ సంతలో పారేసుకున్నా నేను గుర్తుపట్టి తెచ్చుకుంటానందట.

“ఇది నాకిప్పుడు బిగుతైపోయింది బావా,” అన్నాడు.

మనిషి వచ్చినప్పటికంటే సగమయ్యాడు.

తొమ్మిదో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

నిన్నా ఇవాళా పాంగ్ కుట్లు విప్పుతూనే ఉన్నాడు. గుడ్డలో తెల్ల పట్టీలు మూడు. ఒకటే మారిస్తే కొత్తది తెలిసిపోతుందని మూడూ మార్చాలన్నాడు. అంగీ మొత్తం పట్టింది. వెనక పలక ఒక పట్టీ, ముందు పలకలు ఇంకోటి, చేతులు విప్పి అతికి మూడోది. నీలి పోగు ఉన్న ముక్కని నడిమి పట్టీ చేశాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తానన్నాను. ఎక్కలేదు. నియె వచ్చి ఎక్కించి, తాతలిద్దరూ పెళ్ళికూతురికి బట్టలు కుడుతున్నారా అని నవ్వి వెళ్ళాడు. నలభై ఏళ్ళవాడు, నలుగురు పిల్లల తండ్రి. వచ్చి ఆర్నెల్లయింది, ఇంకా ఆర్నెల్లుంటాడు. సంగతంతా వాడికి చెప్పాం. వాడు తావ్‌కి చెప్పలేదు. మంచివాడు, జావలో ఉప్పెక్కువ వేస్తాడు.

పాంగ్ కుడుతుంటే చూస్తూ కూర్చున్నాను. గుడ్డ గురించి ఎవరూ సరిగ్గా ఆలోచించరు. పుట్టగానే చుట్టేది అదే. మా అమ్మ నన్ను వీపుకి కట్టుకున్న గుడ్డతోనే ఆ సాయంత్రం కొర్రలు చెరిగేదట. ఇక్కడ మేం నీళ్ళు వడగడతాం, గింజలు మోస్తాం, దుమ్ము గాలికి చెవుల్లో దోపుకుంటాం, చలికి పాదాలకి చుడతాం, విల్లుకి తొడుగు వేస్తాం, సిరా కుంచె తుడుస్తాం, కుక్క కాలికి కట్టు కడతాం. దేనికీ పనికిరాకుండా పోయాక కర్రకొనకి చుట్టి మరుగుదొడ్డి గోడలో గుచ్చుతాం. కిందటేడు కోటకి వచ్చిన పెద్ద అధికారి మా దొడ్డికి వెళ్ళి, కర్రకున్నది పూలపట్టని గుర్తుపట్టి, వెనక్కొచ్చి తన అంగీ అంచు తడిమి చూసుకున్నాడు. అది ఏదో రాజుగారి తోరణం ముక్క. ఎన్ని చేతులు మారి అక్కడికి చేరిందో. ఇనుము తుప్పు పడితే ఆగిపోతుంది. గుడ్డ మాత్రం చివరి పోగు దాకా ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది.

ఏం రాయబోయి ఇది రాశాను. ఆ, కాలిన పాత పట్టీలు. వాటిని పాంగ్ నా మోకాళ్ళకి చుట్టాడు. ఇప్పుడు హక్కుగా చుట్టుకోవచ్చు, కుంపటికి మాత్రం దూరంగా కూర్చో అన్నాడు.

పదిహేనో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

తనిఖీదారు వచ్చాడు. గుడ్డ వేళ్ళతో నలిపి చూసి, ఈ పట్టు మంచిది, పై బురుజులకి ఇంత మంచిది ఎందుకు రావడం లేదని తావ్‌ని అడిగాడు. తావ్‌కి ఏం తెలుసని చెప్తాడు. కుక్క మొరగలేదు. దానికి ఒక మాట పడింది.

ఇరవై ఆరో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

మంచు. పాంగ్ దగ్గుతున్నాడు. చలికాలంలో ఆ అంగీ లోపల తొడుక్కునేవాడు. ఇప్పుడు నార అంగీ ఒక్కటే. అయినా ఆ పట్టు పల్చటిది. ఉన్నా చలికి ఆగేది కాదు.

పదకొండో నెల, రెండో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం. దగ్గు తగ్గింది.

ఐదో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం. దగ్గు తగ్గింది. పాంగ్ గడ దగ్గరికి వెళ్ళలేదు, అంతే. నేను వెళ్ళాను.

ఎనిమిదో రోజు

పట్టు పల్చటిది. వేలు పెడితే అవతలికి కనిపించేంత పల్చటిది. చలికి అలాంటిది ఏం ఆగుతుంది.

పన్నెండో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

పాచికలు వేస్తానన్నాడు. పలక వాడి పొట్ట మీదే పెట్టి ఆడాం. తొండి చెయ్యలేదు. నేను గెలిచాను. నాకు నచ్చలేదు.

ఆట అయ్యాక పిలుపు సంగతి ఎత్తాడు. మనిషికి ఊపిరి ఆగితే, ఒళ్ళు చల్లబడేలోగా అతని సొంత గుడ్డ పట్టుకుని ఎవరో ఒకరు ఇంటికప్పు ఎక్కాలి. ఉత్తరానికి తిరిగి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం గుడ్డని గుర్తుపట్టి వెనక్కొస్తుంది. ఒంట్లోకి రాకపోయినా గుడ్డలోకి వస్తుంది. దాన్ని ఒంటిమీద కప్పితే, శవపెట్టె ఎటు వెళ్తే అటు తనూ వెళ్ళి ఇల్లు చేరుతుంది. పిలవనివాళ్ళు చచ్చిన చోటే తిరుగుతుంటారు. ఒంట్లోకి తిరిగొచ్చినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. అయినా పిలవకుండా ఎవర్నీ వదలరు.

“సర్కారు అంగీతో పిలవకు బావా,” అన్నాడు. “మళ్ళీ కాపలాకి పిలుస్తున్నారనుకుని ఇంకా దూరం పోతాను.”

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

“ఆ నీలి పోగుదైతే గుర్తుపడతాను,” అని, పైకప్పు వంక చూసి, “పోనీలే, అది పైన పనిలో ఉంది,” అన్నాడు.

దగ్గుకి ఎవడైనా చస్తాడా, వసంతానికి గడకి కొత్త తాడు పేనాలి, రెల్లు కోయించాలి అని చెప్పాను. తాడు గురించి చాలాసేపు చెప్పాను.

పందొమ్మిదో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

ఇరవయ్యో రోజు

నిన్న పొద్దున రాసింది అబద్ధం కాదు. రాసినప్పుడు ఊపిరుంది.

పొద్దుటి జావ వేళ నియె గిన్నె పట్టుకెళ్ళి, అలాగే వెనక్కి తెచ్చాడు. గిన్నె నిండుగానే ఉంది. తావ్ వచ్చి ముక్కు దగ్గర దూది పోగు పెట్టి చూశాడు. అది కదల్లేదు.

నేను తావ్‌తో అన్నాను, అయ్యా, సైగ గుడ్డ నడిమి పట్టీ వాడి అంగీది, ఒక్కసారి ఇప్పించండి అని. అప్పుడు ఆయనకి మొత్తం చెప్పాల్సి వచ్చింది. కుంపటి, మోకాళ్ళు, అంగీ, తనిఖీదారు మెచ్చుకున్న పట్టు. ఆయన ముఖం ఎర్రబడి, తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది, సైగ గుడ్డలాగే. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

“తాతా, అది ఇప్పుడు అంగీ కాదు. దానిలో ఒక్క పోగు తీసినా నా తల పోతుంది. శత్రువు లేకుండా పైన కనిపిస్తే నీది పోతుంది. వాడి నార అంగీతో పిలువు, నేనూ వస్తాను.”

మంచిమాటే. ముగ్గురం ఎక్కాం. నార అంగీ మెడ ఎడమ చేత్తో, కింది అంచు కుడి చేత్తో పట్టుకుని ఉత్తరానికి తిరిగి మూడుసార్లు పిలిచాను. అంగీ మెడ లోపల సర్కారు ముద్ర ఉంది. పిలుస్తున్నంతసేపూ అదే కనిపించింది. ఎదురుగా ఇసుక. ఇంకా దూరం ఇసుక. వాడు ఆ ఇసుకలో ఎక్కడో ఈ అంగీని చూసి, అమ్మో అనుకుని, అవతలికి నడిచిపోతున్నాడనిపించింది.

తావ్ శవపెట్టెకి పలకలు అడిగి తేవడానికి తూర్పు బురుజుకి బయల్దేరాడు. మాకు తూర్పునే ఉన్నా ఆ బురుజు పేరు పడమటి శాంతి. నియె నీళ్ళు కాచి పాంగ్ ఒళ్ళు తుడుస్తున్నాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది తాతా అన్నాడు. ఎందుకన్నాడో. అనకుండా ఉంటే బాగుండేది. కాదు, అన్నదే బాగుంది.

సైగ గుడ్డ పెట్టె తెరిచాను. పట్టీ విప్పుదామంటే పాంగ్ కుట్లు, రోజంతా పడుతుంది. కోస్తే నేరం. చేత్తో పట్టుకుంటే మాత్రం ఎత్తినట్టు కాదు అని మెట్లెక్కుతూ నాకు నేను చెప్పుకున్నాను. నియమంలో గడకి కట్టి తాడు లాగితే అని ఉంది. గడ ముట్టుకోను, తాడు ముట్టుకోను. ‘గుడ్డ ఎత్తలేదు’ అని రోజూ రాసేవాణ్ణి నేనే, నాకు తెలియదా.

పైన గాలి. విప్పగానే మనిషి నిలువంత గుడ్డ నా చేతుల్లోంచి లేచి, ఎదుటివాడి గొంతు పట్టుకున్నట్టు నన్ను పట్టుకుంది. నీలి పోగు ఎక్కడుందా అని వెతికి, అక్కడే పట్టుకున్నాను. పిలిచాను.

“పాంగ్ ది, వెనక్కి రా.”

ముప్ఫై నాలుగేళ్ళలో వాణ్ణి పూర్తి పేరుతో పిలవడం నాకు అదే మొదలు.

రెండోసారి పిలిచేటప్పుడు తూర్పున పడమటి శాంతి బురుజు గడ మీద ఏదో కదిలింది. ఎరుపూ తెలుపూ. ఎత్తేశారు. చూపు మంచివాళ్ళు అక్కడ.

గుడ్డ వెంటనే దించి, మూడుసార్లు అడ్డంగా ఊపితే పొరపాటు అని లెక్క. వాళ్ళూ దించేస్తారు, ఎవరికీ ఏమీ కాదు. తావ్‌కి ఏమీ కాదు, నాకూ కాదు. అంత వ్యవధి ఉంది. కాని రెండుసార్లే పిలిచాను. రెండుసార్లు పిలిచి ఆపేస్తే, వాడు అక్కడ సగం దారిలో నిలబడిపోతాడు. ఒక అడుగు ఇటు వేసి, ఒక అడుగు అటు వేసి.

మూడోసారి పిలిచాను. గట్టిగా పిలిచాను. దించలేదు.

పడమటి శాంతి అవతల ఇంకో చుక్క లేచింది. దాని అవతల నా కళ్ళకి ఆనదు.

తావ్ పలకలు దారిలో పారేసి పరిగెత్తుకొచ్చాడు. విల్లు ఎక్కుపెట్టుకునే మెట్లెక్కాడు. రొప్పుతున్నాడు.

“ఎంతమంది?”

“ఒకడు.”

“ఎక్కడ?”

“ఇక్కడే అయ్యా. పాంగ్.”

ఆయన నన్ను చూశాడు, గుడ్డని చూశాడు, తూర్పుకి చూశాడు. విల్లు వంపు తీశాడు. తియ్యడానికి మూడుసార్లు ప్రయత్నించాడు.

“పదిమంది లోపైతే ఒక గుడ్డే కదా అయ్యా,” అన్నాను. ఇలాంటప్పుడు కూడా నా నోరు ఊరుకోదు.

ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. “వచ్చాడా?” అని అడిగాడు.

ఏమో. గాలి మాత్రం ఆగింది. గుడ్డ నా మీద వాలి, ఒళ్ళంతా కప్పేసింది.

ఇరవై ఒకటో రోజు

నిన్న రాయనిది ఒకటుంది.

కిందికి దిగాక కత్తి తీసి నడిమి పట్టీ కోశాను. తావ్ వద్దనలేదు, అటు తిరిగి కూర్చున్నాడు. నీలి పోగు పైకి వచ్చేలా పాంగ్ మీద కప్పాను. మెడ నుంచి మోకాళ్ళ దాకా వచ్చింది.

సైగ గుడ్డ మధ్యలో మనిషి దూరేంత సందు మిగిలింది. కోట నుంచి రౌతులు వచ్చేలోగా పూడ్చాలి. అప్పుడు నా సంచి తెచ్చాను. మూతి మట్టిముద్ర ముప్ఫై నాలుగేళ్ళుగా పగలలేదు. నేను ఎవరికీ చూపించలేదు గనక పగల్లేదు. పగలగొట్టాను. లోపల మా అమ్మ నేసిన నార చొక్కా. తెల్లటిది. నేను బయల్దేరే ముందు పెరట్లో రాతి మీద మూడు రోజులు ఎండకీ మంచుకీ ఆరేసి తెల్లగా చేసింది. పెట్టిన మడత పెట్టినట్టే ఉంది.

పనికొచ్చేదేమీ లేదని పదో నెల ఏడో రోజున రాశాను. ఆ చెక్క తీసి మళ్ళీ చదివాను. ‘లేదని చెప్పాను’ అని రాశాను. లేదు అని రాయలేదు. అంత జాగ్రత్తగా రాసుకున్నాను.

పట్టు పల్చటిదే. కాని చలికి ఆగేది.

నియె సూదిలో దారం ఎక్కించాడు. నేను కుట్టాను. నా కుట్లు వంకర. నార కాబట్టి దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది, దూరానికి తెల్లగానే ఉంటుంది. పాంగ్ పట్టీలు రెండూ అటూ ఇటూ ఉన్నాయి, నాది మధ్యలో.

రౌతులు ఇవాళ సాయంత్రానికి వచ్చారు. ముప్ఫైమంది. శత్రువు ఏడని అడిగారు.

ఇరవై ఎనిమిదో రోజు. కోట.

నన్ను ఇక్కడికి తెచ్చి ఆరు రోజులు. జరిగింది జరిగినట్టు చెప్పాను. తావ్‌కి తెలియకుండా చేశాననీ చెప్పాను, అది నిజమే గనక సులువుగా చెప్పాను. విచారించే అధికారికి జలుబు. చీదుకుంటూ విన్నాడు. గుడ్డని ఎవరు ఏ వేళకి అందుకుని ఏ వేళకి పై బురుజుకి అందించారో అన్ని బురుజుల రాతలూ తెప్పించాడు. ఎక్కడా ఆలస్యం కాలేదని తెలిసి ఆయనకి లోపల్లోపల సంతోషమే అయినట్టుంది. పదకొండేళ్ళ తర్వాత గొలుసు ఎక్కడా తెగకుండా పనిచేసింది. అవన్నీ ఒకే చోట తిరగరాయాలి. కోట రాతగాడికి కళ్ళకలక. ఎవరికి రాయడం వచ్చంటే నేను చెయ్యెత్తాను. నా నేరం నాతోనే రాయించారు.

అందులోంచి నాక్కావలసినవి ఇక్కడ రాసుకుంటున్నాను.

పడమటి శాంతి: పొద్దెక్కి నడినెత్తికి రాకముందు పడమట నుంచి ఒక గుడ్డ అందింది. తూర్పుకి అందించాం.

పాతబావి: నడినెత్తి వేళ అందింది. అందించాం.

రెల్లువాగు: పొద్దు వాలుతుండగా అందింది. గాలికి గడ విరిగితే మనిషి భుజాల మీద మనిషి నిలబడి పట్టుకున్నాం. అందించాం.

అలా ముప్ఫై ఒక్క బురుజులు. చివరిది నది ఒడ్డుది: పొద్దు గుంకే వేళ అందింది. గుడ్డ కనబడే వెలుతురు లేదు గనక నిప్పు వెలిగించాం. అవతల మాకు బురుజు లేదు.

ప్రతివాడూ రాశాడు, అందింది, అందించాం అని. వాళ్ళల్లో ఎవరికీ పాంగ్ ఎవరో తెలియదు. ముప్ఫై ఒక్కసార్లు రాశాను. చెయ్యి నొప్పి పుట్టలేదు.

నది దాటితే బండ్లబాట. అక్కణ్ణుంచి దారి వాడికి తెలుసు. ఆ దారి గురించి ముప్ఫై నాలుగేళ్ళు నాకు చెప్పాడు, ఏ పూటకూళ్ళమ్మ ఇంట్లో నూడుల్స్ బాగుంటాయో కూడా.

పన్నెండో నెల, రెండో రోజు

ఇవాళ నిలబడి రాస్తున్నాను.

యాభై అన్నారు. వయసు చూసి ముప్ఫై చేశారు. తావ్‌తో పాటు నియె కూడా కోటకి వచ్చాడు. ముందు రోజు నన్ను పక్కకి పిలిచి నా లాగు లోపల రెండు కొర్రల సంచులు మడిచి కుట్టాడు. కొట్టేవాడికి తెలిసింది. మొదటి దెబ్బకే సంచిలోంచి కొర్రలు రెండు మూడు రాలాయి. వాడు వాటిని చూసి, పైకి చూసి, లెక్క కొనసాగించాడు. గుడ్డ ఉపయోగాల్లో ఇది రాయడం మర్చిపోయాను ఆ రోజు.

పాంగ్ పెట్టె తూర్పు బండ్లతో వెళ్ళిపోయింది. సంచి కూడా పంపాలి కాబట్టి దాని జాబితా చెక్క తిరగరాయమన్నారు. ఇంటి దగ్గర రాసింది: తెల్ల పట్టు అంగీ ఒకటి. దాని కింద నేను రాశాను: ఒంటిమీద ఉంది.

తొమ్మిదేళ్ళుగా కబురు లేని మనిషి అది చదివించుకుంటుందో లేదో.

పదకొండో రోజు. బురుజు.

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

రాత కొలువు పోయింది. పాంగ్ చేసిన పని నాకిచ్చారు, గడ, తాళ్ళు, గుడ్డలు. కొత్త రాతగాడు వసంతానికి వస్తాడట. అప్పటిదాకా తావ్ రాస్తున్నట్టు నేను రాయాలి. కనక ఏమీ మారలేదు. పాచికల పలక పొయ్యి పైన అటక మీద పెట్టేశారు. నేనొక్కణ్ణే రెండు వైపులా ఆడి చూశాను. తొండి చెయ్యడానికి ఎవరూ లేరు.

పదిహేడో రోజు

గుడ్డ ఎత్తలేదు. అంతా క్షేమం.

ఎండ కాసింది. గుడ్డలు పైకి తెచ్చి గోడ మీద ఆరేశాను. నియె జావ పట్టుకుని ఎక్కాడు. ఉప్పెక్కువే. నడిమి పట్టీ నార మీద చెయ్యి వేసి చూస్తూ, ఇది నీదా తాతా అన్నాడు. నాదేనన్నాను. దీనిలో గుర్తు పోగు లేదేం అన్నాడు. మా అమ్మకి అంత తీరిక లేదన్నాను.

వాడు జావ గిన్నె తీసుకుని రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాడు.

“తాతా, నీ పేరేంటి?”

నేను వాడి వంక చూశాను.

“తాతా అని పిలిస్తే ఎవరొస్తారు? ఈ బురుజుల్లో అందరూ తాతలే. నేను ఇంకో నాలుగు నెలల్లో వెళ్ళిపోతాను. తావ్‌కి చెప్పి వెళ్తాను. ఆయన వెళ్ళేటప్పుడు వచ్చినవాడికి చెప్తాడు.”

ఎంతోకాలంగా నన్ను ఎవరూ అడగలేదు. రాతగాడు అన్నారు, తాత అన్నారు, బావ అన్నాడు. సర్కారు రాతల్లో ‘రాసినది దూరపుచూపు బురుజు’ అని ఉంటుంది. నాలుక మీదకి రావడానికి కొంచెంసేపు పట్టింది.

“యిన్ క్వాన్,” అన్నాను.

వాడు మరిచిపోకుండా ఉండాలని మూడుసార్లు అనబోయాడు. ఒక్కసారి అన్నాక చెయ్యి అడ్డం పెట్టాను. ప్రస్తుతానికి ఒక్కసారి చాలన్నాను.

తూర్పున పడమటి శాంతి వాళ్ళు కూడా గుడ్డలు ఆరేసినట్టున్నారు.